ఎద్దులకి అమావాస్య ఉంది కదండీ

మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ మామూలు రోజుల్లో ఎనిమిదింటికి వస్తుంది. ఆదివారం మాత్రం ఆరున్నరకే గేటు చప్పుడవుతుంది. తొమ్మిదింటికి మేం ఆరాధనకి వెళ్లాలి కదా. మేం తాళం వేసేలోపు ఆవిడ అంట్లు తోమి, వాకిలి ఊడ్చి, బట్టలు జాడించి ఆరేసి వెళ్లిపోవాలి. ఆవిడదీ మా విశ్వాసమే. కాలువ అవతల, వాళ్ల పేటలో రేకుల కప్పుతో ఒక చిన్న మందిరం ఉంది. అక్కడా ఆరాధన తొమ్మిదింటికే. మా ఇల్లయ్యాక ఇంకో రెండిళ్లు చెయ్యాలి గనక ఆవిడ పొద్దున్న వెళ్లదు, సాయంత్రం కూటానికి వెళుతుంది. నాలుగేళ్లుగా ఇలాగే నడుస్తోంది. ఇందులో వింత మా ఇంట్లో ఎవరికీ కనబడలేదు. వారం వారం కాలమ్ రాసే నాకూ కనబడలేదు.

పోయిన నెల ఓ శనివారం ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, "రేపు రానండి, మా చిన్నమ్మాయికి బాప్తిస్మం" అంది. "అయ్యో, దానికేముంది" అన్నాను. అనడం అన్నాను గానీ, మర్నాడు పొద్దున్న సింకు నిండా గిన్నెలు చూసి మా ఆవిడా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఆ రోజు ఆరాధనకి ఆలస్యంగా వెళ్లాం. వాక్యం ఏం చెప్పారో నాకు గుర్తు లేదు. కూచున్నంతసేపూ మనసు మా తాతయ్య చుట్టూనే తిరిగింది.

తాతయ్యది రాజోలు వైపు, లంకల్ని ఆనుకున్న ఊరు. ఒక కామందు దగ్గర ఏడాది జీతానికి కుదిరిన పాలేరు. పాలేరంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి విడమరిచి చెప్పాలి. ఫలానా పనికి ఫలానా కూలి అన్న లెక్క కాదు అది. కోడి కూయకముందే దొడ్లో పేడ తియ్యాలి, మేత వెయ్యాలి, నాగలి కట్టాలి, చేలో నీరు చూసుకోవాలి, నూర్పుల రోజుల్లో కల్లంలోనే పడుకోవాలి. అర్ధరాత్రి ఆవు ఈనుతుంటే కబురొస్తుంది. పండక్కి చుట్టాలొస్తే రేవు దాకా బండి కట్టాలి. ఏడాది మొత్తానికి ఇన్ని బస్తాలని ధాన్యం కొలుస్తారు. మనిషి పనిని కొనడం కాదు, మనిషి పొద్దునే కొనేసేవారు.

అలాంటి మనిషి జీవితంలోకి ఆదివారం ఎలా వచ్చింది? వశిష్ఠ పాయ దాటి వచ్చింది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు అవతలి ఒడ్డున నరసాపురంలో స్థిరపడ్డారు. బ్రదరన్ వాళ్లు. తర్వాత గోదావరి డెల్టా మిషన్ అని పేరు పడింది వాళ్లు మొదలెట్టిన పనికే. వాళ్ల పద్ధతిలో హంగేమీ ఉండదు. ప్రతి ఆదివారం పొద్దున్న రొట్టె విరుస్తారు. అభిషేకం పొందిన గురువే ఉండాలన్న నియమం లేదు, సంఘంలో ఏ సోదరుడైనా లేచి ప్రార్థించవచ్చు. ఊళ్లో గట్టిగా మాట్లాడే హక్కు లేనివాడు అక్కడ లేచి నిలబడి నలుగురి ముందూ మాట్లాడతాడు. మాలపల్లెల్లో ఆ కూటం ఎందుకు నిలబడిందో అర్థం చేసుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు.

ఒక చిక్కు ఇక్కడే చెప్పాలి. మా పెద్దలు ఆదివారాన్ని సబ్బాతు అంటే ఒప్పుకునేవారు కాదు. సబ్బాతు యూదులది, శనివారం. మనది ప్రభువు లేచిన దినం, ప్రభువు దినం అనేవారు. కానీ పేటలో ఆడవాళ్ల నోట మాత్రం "సబ్బాతు పూట తగువులేంటే" అనే మాటే ఆడేది. సిద్ధాంతం మగవాళ్ల దగ్గర ఉండిపోయింది, రోజు మాత్రం అందరిదీ అయింది.

ఇక అసలు సంగతి. మామ్మ చెబుతుండగా ఎన్నిసార్లు విన్నానో. ఏరువాక సాగాక ఓ ఆదివారం తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని కామందు దొడ్లోకి వెళ్లాడట. పేడ తీశాడు, కుడితి పెట్టాడు, మేత వేశాడు. నాగలి మాత్రం ముట్టలేదు. కామందు అరుగు మీంచి కేకేశాడు.

"ఏరా, దుక్కి ఎవడు దున్నుతాడ్రా?"

"ఆదివారమండి."

"అయితే? ఆదివారమని గొడ్లు మేత మానేస్తన్నాయా?"

"ఆయ్, అందుకేనండి మేతేసొచ్చాను. ఎద్దులకి అమావాస్య ఉంది కదండీ. నాకు ఆదివారం ఇప్పించండి."

అమావాస్యనాడు కాడి కట్టకపోవడం ఆ ఇంట్లో తాతల నాటి ఆచారం. ఎద్దుల్ని కడిగి, పసుపు రాసి, ఆ పూట వదిలేసేవారు. ఏ పశువుకి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో తెలిసిన రైతే ఆయన, చెడ్డవాడు కాదు. పాలేరు కూడా అలసిపోతాడన్న ఊహ మాత్రం ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. ఆ ఒక్క మాటకి ఆయన కాసేపు ఏమీ అనలేదట. తర్వాత "సరే పో" అన్నాడు.

కథ ఇక్కడితో ఆపేస్తే సండేస్కూల్లో చెప్పుకోవడానికి బావుంటుంది. మామ్మ ఎప్పుడూ ఇక్కడ ఆపేది కాదు. ఏడాది తిరిగి ధాన్యం కొలిచే రోజున కామందు ఆదివారాలన్నీ లెక్క కట్టాడు, ఆ మేరకు బస్తాలు తగ్గించాడు. పొద్దున్నే తీసిన పేడకీ వేసిన మేతకీ లెక్క లేదు. మామ్మ తగ్గిన బస్తాల్ని చూసి, "ఆదివారం అందలం, సోమవారం జోలి" అని ముక్కు చీదిందట. తాతయ్య మాత్రం కిక్కురుమనలేదు. మర్నాడు మళ్లీ జీతానికి కుదిరేటప్పుడు "ఆదివారం కాకుండా" అని ముందే చెప్పి కుదిరాడు. మామ్మ లెక్క ప్రకారం ఆయన తన ఆదివారాన్ని ఏటా ధాన్యం పోసి కొనుక్కున్నాడు.

కొనుక్కున్న రోజుని ఏం చేసేవాడని అడిగాను ఓసారి. కూటం అయ్యాక ఇంటికొచ్చి, గంజన్నం తిని, మామిడి చెట్టు కింద నులక మంచం వేసుకుని పడుకునేవాడట. (కొబ్బరి చెట్టు కింద కాదు. కోనసీమలో కొబ్బరి చెట్టు కింద మంచం వేసుకునేది సినిమాల్లో హీరోలే.) నిద్ర పట్టకపోయినా లేచేవాడు కాదు. "ఈయాల నన్నెవరూ పిలవరు" అనేవాడట. నాకు తెలిసి విశ్రాంతి దినానికి అంతకంటే నికరమైన అర్థం చెప్పినవాళ్లు లేరు.

పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల వస్తాయి. నిర్గమకాండంలో విశ్రాంతికి చెప్పిన కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పని చేసి ఏడో రోజు ఆగాడు, కాబట్టి మీరూ ఆగండి. ద్వితీయోపదేశకాండంలో అదే ఆజ్ఞకి కారణం మారిపోతుంది. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, ఆ సంగతి మరిచిపోవద్దు, మీ దాసుడూ దాసీ కూడా మీలాగే విశ్రమించాలి. మొదటిది పెత్తనం ఉన్నవాడు చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. రెండోది పాలేరు చదవాల్సిన పాఠం. తాతయ్యకి చదువు రాదు. కానీ ఆయన పట్టుకున్నది రెండోదాన్నే. మా ఇంట్లో గోడమీద ఫ్రేము కట్టించి పెట్టుకున్నది మొదటిది.

ఆ ఆజ్ఞలో ఎవరెవరు పని మానాలో వరస ఉంటుంది: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట ఉన్న పరదేశి. ఎద్దూ గాడిదా కూడా ఉన్నాయి. భార్య లేదు. "నువ్వు" అన్నప్పుడే ఆవిడా వచ్చేసిందని పండితులు సర్ది చెబుతారు. సర్దుకోవచ్చు. మామ్మ మాత్రం సర్దుకోలేదు. శనివారం సాయంత్రమే కట్టెలు చీల్చి, ధాన్యం దంచి, కూర తరిగి పెట్టుకున్నా ఆదివారం పొయ్యి రాజెయ్యక తప్పేది కాదు. ఇప్పుడైతే మరీ ఘోరం. కోనసీమలో ఏ మతం ఇంట్లో చూడండి, ఆదివారమంటే కోడికూరో మాంసమో, లేకపోతే పులసో చందువో ఏదో ఒకటి. పనిలేని రోజని మగవాళ్లు లేటుగా లేస్తే, ఆడవాళ్లకి వారంలో అన్నిటికంటే పెద్ద వంట ఆ రోజే. దైవజనులు ఈ విషయం మీద ప్రసంగం చెయ్యగా నేను వినలేదు. ప్రసంగం తర్వాత ఎవరింట్లో భోజనం అన్నది మాత్రం చాలాసార్లు విన్నాను.

ఒక రోజు పని ఆపడం క్రైస్తవులే తెచ్చారనుకుంటే పొరపాటు. మా ప్రాంతం వేదపండితులకి పేరు పడ్డది. వేదపాఠం చెప్పుకునే ఇళ్లలో అనధ్యయన దినాలని ఉంటాయి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య రోజుల్లో చదువు చెప్పరు, చదవరు. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ చిక్కిపోయిన తీరు తోటి వానరులకి చెబుతూ, పాడ్యమినాడు చదివేవాడి చదువులా క్షీణించిపోయిందంటాడు. ఆగాల్సిన రోజు ఆగకపోతే చదివింది కూడా నిలవదన్న నమ్మకం ఆ పోలికలో ఉంది. తాపీమేస్త్రీలు అమావాస్యనాడు పని మొదలుపెట్టరు. వీటిల్లో ప్రతిదానికీ ఓ భయమో ఓ దోషమో కారణంగా చెబుతారు. ఆదివారానికి మాత్రం తాతయ్య లాంటివాళ్లు వేరే కారణం చెప్పారు: దోషమని కాదు, నా హక్కు.

అదే మాటని బొంబాయి మిల్లుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే అన్నాడు. జోతిబా ఫూలే శిష్యవర్గంలోవాడు. 1884లో మిల్లు కార్మికుల్ని కూడగట్టి వారానికో రోజు సెలవు కావాలని అడిగాడు. ఆదివారమే ఎందుకంటే అది ఖండోబా దేవుడి వారం అన్నాడు. తెల్లవాడి చర్చికీ మరాఠీ కూలివాడి ఖండోబాకీ ఒకే రోజు కుదిరింది. 1890 జూన్ 10న మిల్లు యజమానులు దిగివచ్చి ఆదివారం సెలవు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు ఫ్యాక్టరీ చట్టంలోకి వారపు సెలవు ఎక్కింది. ఇవాళ మన ఆఫీసులకీ బడులకీ ఆదివారం సెలవు చూసి అదంతా దొరలు చేసిన దానం అనుకునేవాళ్లు లోఖండే పేరు ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది. కాకపోతే ఫ్యాక్టరీ చట్టం పొలం గట్టు దాటి రాలేదు. పాలేరుకి సెలవు అడగడానికి పాలేరే మిగిలాడు.

పొలానికి మినహాయింపు ఇవ్వడం కొత్తేమీ కాదు. రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ 321లో ఆదివారం సెలవు శాసనం చేసినప్పుడు పట్నాల్లో న్యాయస్థానాలూ పనివాళ్లూ ఆగాలన్నాడు గానీ, అదను తప్పితే పంట పోతుందని సేద్యగాళ్లని వదిలేశాడు. అదను సంగతి మాకూ తెలుసు. 1996 నవంబరు తుపాను చూసిన ఊళ్లు ఇవి. ఆకాశం మబ్బు పట్టి చేలో పనలు తడుస్తుంటే ఆదివారమని చేతులు ముడుచుకుని కూచోమనే దేవుణ్ణి నేను నమ్మను. బావిలో పడ్డ ఎద్దుని విశ్రాంతి దినాన పైకి లాగరా అని యేసు కూడా అడిగాడు. తాతయ్యా అలాంటప్పుడు పంచె ఎగ్గట్టి చేలోకి దిగేవాడట. అయితే ఆయన అనేవాడు: తుపాను ఏడాదికోసారి వస్తుంది, కామందుకి తొందర ప్రతి ఆదివారమూ వస్తుంది.

శనివారంవాళ్ల గురించి ఓ మాట. సెవెంత్ డే అడ్వెంటిస్టులు శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి శనివారం పొద్దు గుంకేదాకా పాటిస్తారు. మాకు నది అవతల నరసాపురం రుస్తుంబాదలో వాళ్ల ఫ్లెయిజ్ కాలేజీ ఉంది. చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడల్లా శనివారం మంచిదా ఆదివారం మంచిదా అని పెద్దవాళ్లు వాదించుకోవడం, పంటు అవతలి ఒడ్డు చేరినా వాదన చేరకపోవడం నాకు గుర్తు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, చాలామంది వ్యవసాయ కూలీలు. తమని యూదులుగా చెప్పుకుంటారు, శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టి సబ్బాతు ఆచరిస్తారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ల మీద 2013లో ఒక పుస్తకమే తెచ్చారు. కూలికి పోయేవాడు శనివారం మానితే శనివారం కూలి పోతుంది, ఆదివారం మానితే ఆదివారం కూలి పోతుంది. ఏ రోజన్నది పండితుల తగువు. ఆ రోజు కూలి ఎవరు భరించాలన్నదే మా తాతయ్య తగువు.

నేలకీ విశ్రాంతి ఉండాలని లేవీయకాండం అంటుంది. ఏడో ఏడు విత్తకూడదు, పడి మొలిచినదాన్ని కోసి దాచుకోకుండా దాసులకీ కూలివాళ్లకీ పరదేశులకీ పశువులకీ కూడా వదలాలి. మా నేలకి అలాంటి ఏడాది ఎన్నడూ రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద సార్వా, దాళ్వా, ఆ పైన అపరాలు. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసి లాకులు బాగుచేసే ఆ కొద్ది వారాలే డెల్టాకి దొరికే విశ్రాంతి. 2011లో మాత్రం కోనసీమ రైతులు వేల ఎకరాల్లో సార్వా వెయ్యడం మానేశారు. ఖర్చు పెరిగి, గిట్టుబాటు ధర రాక, మురుగు కాలువలు పూడి ఏటా చేలు మునుగుతుంటే విసిగి, క్రాప్ హాలిడే అన్నారు. దేశమంతా మావైపు చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ అదే మాట కొన్ని మండలాల్లో వినబడింది. ఆ రోజుల్లో ఓ సభలో ఒకాయన దీన్ని లేవీయకాండంతో పోల్చి మాట్లాడితే నాకు ఒళ్లు మండింది. హాలిడే అన్నది పేరులోనే. అది సమ్మె, న్యాయమైన సమ్మె. అయితే ఆ ఏడు ఊడ్పుల కూలీ లేక ఇంట్లో కూచున్నవాళ్లని ఏ కమిటీ ముందూ ఎవరూ పిలవలేదని మా పేటలో ఇప్పటికీ అంటారు. పని లేకపోవడమూ విశ్రాంతీ ఒకటి కాదని ఆకలి ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మా పెద్దమ్మ కూతురు కువైట్‌లో ఓ ఇంట్లో పని చేస్తుంది. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల గల్ఫ్‌లో ఇలా ఓ ఆడమనిషి లేని పేట తక్కువ. కువైట్‌లో ఆదివారం శుక్రవారం వస్తుంది: సెలవు ఆ రోజే కాబట్టి చర్చిలు కూడా శుక్రవారమే కిటకిటలాడతాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లకి వారానికో రోజు సెలవివ్వాలని అక్కడ 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. అక్కకి ఆ సంగతి నేనే ఫోన్లో చెప్పాను, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. నవ్వింది. "చట్టం మేడం చదవదురా, చదివినా తలుపు తాళం ఆవిడ దగ్గరే ఉంటది" అంది. మొదటి రెండేళ్లు ఒక్క శుక్రవారం కూడా బయటికి పంపలేదు. ఇల్లు మారాక నెలకి రెండు దొరుకుతున్నాయి. మొదటి సెలవు రోజున గుడికి వెళ్లలేదట. తోటి ఆడవాళ్ల గదికి వెళ్లి సాయంత్రం దాకా పడుకుందట. "దేవుడు ఏమనుకుంటాడోనని భయమేసింది" అంది. దేవుడు తాతయ్యని ఏమీ అనలేదని చెప్పాను.

అంటే, సెలవు తీసుకోవడం గురించి మా ఇంట్లో మూడు తరాల కథలున్నాయి. సెలవు ఇవ్వడం గురించి ఒక్కటీ లేదు. పాలేరు మనవణ్ణి అమలాపురంలో మేడ కట్టుకుని, ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఇంకొకరి చేత గిన్నెలు తోమించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని విశ్రాంతి దినం పాటించడానికి వెళుతున్నాను. అరుగు మీద కూచున్న కామందుకి నాకు తేడా ఏమిటని వెతికాను. ఆయన కేకేసి పిలిచేవాడు, నేను మిస్డ్ కాల్ ఇస్తాను.

ఆ మధ్య ఓ సోమవారం ఆవిడతో చెప్పాను, ఇక ఆదివారాలు రావద్దని. చేతిలో చీపురు అలాగే ఉంది. మా ఆవిడ వైపు చూసింది, నా వైపు చూసింది. ఏదో తప్పు జరిగిందనుకున్నట్టుంది.

"జీతం కోస్తారాండి?" అంది.

కొయ్యం అని చెప్పాను. ఆవిడ తలూపింది గానీ నమ్మినట్టు లేదు. రెండు ఆదివారాలు గడిచాయి, గిన్నెలు నేనూ మా అబ్బాయీ తోముతున్నాం, మాడిన అడుగు వాడికి ఇంకా వదలడం లేదు. ఒకటో తారీఖు వచ్చే బుధవారం.